హీరో అన్న ఫోటోకు దండ

కోహీర్ వాళ్ళు పది గంటల బస్సుకు వస్తామన్నారు. పదిన్నరకు కూడా రాకపోయేసరికి, గిరిజమ్మ మనసులో ఆ బస్సు రెండుసార్లు బోల్తా పడింది, ఒకసారి వాగులోకి కూడా దిగింది.

"వానలు పడక ఆర్నెల్లయె. ఏ వాగుల దిగుతదే బస్సు?" అన్నాడు గురులింగప్ప, అరుగు మీద కూర్చుని పగ్గం పేనుతూ. ఆయనకు జహీరాబాద్ బజారులో తాళ్ళ దుకాణం. ఎద్దులకు పగ్గాలు, ముకుతాళ్ళు, మెడగంటలు అమ్ముతాడు. పెళ్ళయి ముప్ఫై ఏళ్ళు దాటినా, భార్య భయాలకు ఒక్కొక్కదానికీ జవాబు చెప్పే ఓపిక ఆయనలో ఇంకా మిగిలే ఉంది.

"వాగు లేకుంటే తొవ్వ కింద మోరీ ఉండదా?" అంది గిరిజమ్మ.

ఆమె భయానికి ఆ రోజు కారణం లేకపోలేదు. ఇద్దరు ఆడపిల్లల తరువాత పుట్టిన ఒక్కగానొక్క కొడుకు మల్లికార్జున్‌కు ఇరవై నాలుగు నిండాయి. అంతకుముందు మూడు సంబంధాలు ఇంటిదాకా వచ్చి వెనక్కిపోయాయి. వాటిలో రెండింటిని వెనక్కి పంపింది గిరిజమ్మే. ఒకరింట్లో బావికి గోడ లేదు, రేపు మనవడు పుట్టి పాకుకుంటూ అటు పోతే? ఇంకొకరి ఇల్లు రైలు పట్టాల పక్కన. కోహీర్ పిల్ల భాగీరథి విషయంలో మాత్రం నెల రోజులుగా వెతుకుతున్నా భయపడేందుకు ఏమీ దొరకలేదు. పిల్ల నెమ్మదైంది, ఇంట్లో బావికి నడుమెత్తు గోడ ఉంది. ఆ ఇంట్లో తండ్రి ఉన్నా మాట చెల్లేది నాయనమ్మ మణెమ్మది. ఆ మణెమ్మే ఈ రోజు వచ్చి పూలుపండ్లకు, అంటే నిశ్చితార్థానికి, మంచిరోజు ఖాయం చేసుకుపోవాలి. ఆమె సరే అంటే గిరిజమ్మ ఇంట్లో కోడలు అడుగుపెడుతుంది. కాదంటే మళ్ళీ మొదటికి.

పదకొండింటికి మణెమ్మ వచ్చింది. వెంట పిల్ల మేనమామ మాణిక్ ఉన్నాడు. బస్సు బోల్తా పడలేదు, దారిలో టైరు గాలి పోయిందట. గిరిజమ్మ "అనలేదా, ఏదో అయిందని?" అన్నట్టు మొగుడి వైపు ఒక చూపు చూసి, చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది.

మణెమ్మ చెంబు అందుకోలేదు. కూర్చోలేదు కూడా. కర్ర ఆనించుకుని గడప బయటే నిలబడింది. మాణిక్ చేతిలో పండ్ల సంచి అయినా లేదు.

"నీళ్ళు తర్వాత తాగుత. ముంగల ఒక్క మాట అడుగుత, నిజం చెప్పు బిడ్డా. నీకు కాన్పులెన్ని?"

"మూడు పెద్దమ్మా. ఇద్దరు పొల్లలు, పెండ్లిళ్ళయి అత్తగారిండ్లల్ల ఉన్నరు. గీ పిలగాడు."

"గీ పిలగాని తోటి ఇంకెవలు పుట్టిన్రు?"

గిరిజమ్మకు అర్థం కాలేదు. "తోటి పుట్టుడేంది?"

"జోడు పిలగాడు. సచ్చిపోయినోడు. గాని సంగతి మాకెందుకు దాసిన్రు?"

గిరిజమ్మ చేతిలో చెంబు ఒరిగి నీళ్ళు కాళ్ళమీద పడ్డాయి. మాణిక్ నేల చూపులు చూస్తూ గొణిగాడు. "అక్కా, నాకేం తెల్వదు. పెద్దమ్మ బీదర్ పోయొచ్చింది. గాడ చూసిందట."

మణెమ్మ చెప్పింది. పోయిన వారం బీదర్‌లో చిన్నకూతురి ఇంటికి పోతే, అందరూ కలిసి కొత్తగా వచ్చిన గుర్రాల సినిమాకు పోయారు. టోపీలు పెట్టుకుని, నడుముకు తుపాకులు కట్టుకుని, గుర్రాల మీద తిరిగే సినిమా. హీరో పగ తీర్చుకోవడానికి బయలుదేరే ముందు ఇంట్లో అన్న ఫోటో ముందు నిలబడి ఒట్టు పెట్టుకుంటాడు. ఆ ఫోటో తెరంత పెద్దగా వచ్చింది.

"మీ మల్లికార్జునే. గదే ముక్కు, గదే పాపిట, మొన్న పిల్లను చూడొచ్చినప్పుడు తొడుక్కొచ్చిన గదే కోటు. పక్కకు దీపం, ఊదుబత్తీలు. గింత లావు బంతిపూల దండ." ఆమె రెండు చేతులూ కలిపి దండ లావు చూపించింది. "నాకు పానం ఆగలే. ఇంటర్వెల్‌కే లేచి వచ్చినం."

గురులింగప్ప పగ్గం పక్కన పెట్టి నవ్వాడు. "సిన్మా గదా పెద్దమ్మా. ఉత్తుత్తిది."

"సిన్మా ఉత్తుత్తిదని నాకు తెల్వదానయ్యా? తుపాకి తగిలి సచ్చినోడు లేచి ఇంటికి పోతడని తెల్వదా? గని దండ? బతికున్నోని ఫోటోకు ఎవడన్న దండేస్తడా? ఆటకన్న ఏస్తడా? నీ ఫోటోకు ఏద్దామా గురులింగప్పా, ఉత్తుత్తిగ?"

గురులింగప్ప నవ్వు మీసాల కిందే ఆగిపోయింది.

"గందుకే సిన్మావోళ్ళు నిజంగ పోయినోని ఫోటో తెచ్చుకున్నరు. మీ మల్లికార్జున్‌కు అచ్చం గట్లనే ఉన్నోడు, అంటే జోడు పిలగాడే. జోడోళ్ళల్ల ఒకడు పోతే రెండోవాడెన్ని దినాలుంటడు? మా పొల్లను ఎట్లియ్యాలె?"

జోడు పిల్లల మాట గిరిజమ్మ చెవిదాకా పోనేలేదు. ఆమెకు వినబడిందల్లా ఒక్కటే: తన కొడుకు ఫోటోకు దండ పడింది. అదీ బీదర్‌లో. రోజుకు మూడాటలు. ఆదివారం నాలుగు. తాను ఇక్కడ పొద్దున పొయ్యి ముట్టించి రొట్టె చేస్తుంటే, మధ్యాహ్నం పప్పు ఏరుతుంటే, అక్కడ వాడికి దీపం పెడుతున్నారు, ఊదుబత్తీలు వెలిగిస్తున్నారు, వందల మంది చూస్తున్నారు. వాడికి పోయిన వారం దగ్గొచ్చిందే. అందుకేనా?

సరిగ్గా అప్పుడే మల్లికార్జున్ దుకాణం నుంచి ఇంటికొచ్చాడు. కొత్త అంగీ తొడుక్కుని, తల తడిపి దువ్వుకుని, మణెమ్మ కాళ్ళకు వంగాడు. "శరణు, పెద్దవ్వా."

మణెమ్మ వాణ్ణి కిందనుంచి పైదాకా చూసి నిట్టూర్చింది. "గీడు మిగిలినోడు."

"మల్లీ," అంది గిరిజమ్మ. "నీ ఫోటో సిన్మాల ఎట్ల వడ్డదిరా?"

మల్లికార్జున్ మొహం ఒక్కసారిగా వెలిగింది. "వచ్చిందా? నిజంగనే వచ్చిందా?" అన్నాడు. తరువాత అందరి మొహాలూ చూసి ఆ వెలుగు తగ్గించుకున్నాడు.

సంగతి బయటపడింది. రెండేళ్ళ కింద, డెబ్బై ఏడు ఎండాకాలంలో, సినిమా వాళ్ళు ఝరాసంగం వైపు ఎర్రరాళ్ళ బీడులో పది రోజులు గుర్రాలు పరిగెత్తించిపోయారు. తాళ్ళు విసిరి మనుషుల్ని పట్టే సీన్లకు పగ్గాలు గురులింగప్ప దుకాణంలోనే కొన్నారు. హీరో అన్న ఫోటో ఒకటి కావాలి, పెద్దింటి పిలగాడిలా కళగా ఉండాలి అన్నారట వాళ్ళు. ఫోటో స్టూడియో హఫీజుద్దీన్ దుకాణం ముందు అద్దాల బీరువాలో ఉన్న మల్లికార్జున్ కోటు ఫోటో వాళ్ళకు నచ్చింది. మల్లికార్జున్ సరేనన్నాడు, హఫీజుద్దీన్ పెద్దది చేసి ఇచ్చాడు.

"హీరో అన్న అన్నరమ్మా. సచ్చిపోయిన అన్న అని చెప్పలే. గుర్రం మీద హీరో పక్కపొంటి ఉంటదేమొ అనుకున్న."

"ఫోటో గుర్రమెట్లెక్కుతదిరా?" అన్నాడు తండ్రి.

"మరి నాకెందుకు చెప్పలే?" అంది తల్లి.

"చెప్తే నువ్వు ఇయ్యనిస్తుంటివా?"

నిజమే. ఇవ్వనిచ్చేది కాదు. ఫోటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందేమోనని ఆ కోటు ఫోటోకే ఆమె నెల రోజులు అడ్డం పడింది.

"గివన్నీ మీరు కలిపి చెప్పే మాటలు," అంది మణెమ్మ కదలకుండా. "పురుడు పోసినదెవరు? గామెను పిలువున్రి."

పురుడు పోసిన మహబూబీ పక్క గల్లీలోనే ఉంటుంది. ఆ వాడలో సగం మంది ఆమె చేతుల మీదే పుట్టారు. డెబ్బై దాటాయి, చెవులు సరిగా వినబడవు. మాణిక్ ఆమెను చెయ్యి పట్టి తీసుకొచ్చి, చెవి దగ్గర నోరు పెట్టి అడిగాడు.

"మహబూబమ్మా! గిరిజక్కకు మల్లికార్జున్ పుట్టినప్పుడు నువ్వే ఉన్నవా?"

"నేను గాక ఎవరుంటరు? రెండు దినాలు నొప్పులు. 'నేను సచ్చిపోత, నేను సచ్చిపోత' అని ఒకటే ఒర్లుడు. గల్లీ అంత నిద్ర లేదు."

"ఎంతమంది?"

"ఆఁ?"

"ఎంతమందీ అని!"

"ఇద్దరు," అంది మహబూబీ నిబ్బరంగా. "ఇద్దరు మంచిగ, సలామత్‌గ బయటవడ్డరు. అల్లా దయ."

మణెమ్మ కర్రతో నేలను ఒక్కటి కొట్టింది. "విన్నరా?"

గురులింగప్ప రెండు చేతులతో తల పట్టుకున్నాడు. గిరిజమ్మ పరుగున వెళ్ళి మహబూబీ భుజాలు పట్టుకుంది. "ఇద్దరెవరే మహబూబీ? ఎవరిద్దరు? నీ కాళ్ళు మొక్కుత, పేర్లు చెప్పు!"

"ఎవరేంది? నువ్వు, నీ కొడుకు. ఆడ ఇంకెవరున్నరు? మీ ఆయన అరుగు మీద కండ్లు తిరిగి వడ్డడు గని, గాయన్ను నేను లెక్కవెట్టలే."

గురులింగప్ప పగ్గం అందుకుని మళ్ళీ పేనడం మొదలుపెట్టాడు. మణెమ్మ పెదవుల చివర నవ్వు కదిలింది. కానీ ఆమె దాన్ని అక్కడే ఆపుకుంది.

"సరే, జోడు పిలగాడు లేడు. ఒప్పుకుంట. అయితే గిది ఇంక ఘోరం గాదా? సచ్చినోనికి దండ పడ్డదనుకున్న. నిండు పానంతోటి ఉన్నోనికే పడ్డది. మా పొల్లను తెలిసి తెలిసి ఎట్లియ్యాలె?"

ఇప్పుడు గిరిజమ్మకు పరిస్థితి పూర్తిగా అర్థమైంది. ఒక తప్పు తాను చేయలేదని నిరూపించుకుంటే ఇంకో కీడు నెత్తిన పడింది. అన్నిటికంటే కష్టమేమిటంటే, మణెమ్మ అన్న ప్రతి మాటా ఆమెకు సబబుగానే తోచింది. ఆమె స్థానంలో తానుంటే గడప దాకా కూడా వచ్చేది కాదు. కోహీర్ నుంచే కార్డు ముక్క రాసి పడేసేది.

గోడకు ఆనుకుని ఆలోచించింది. వాకిట్లో అందరూ ఆమె ఏడుస్తుందని ఎదురుచూశారు. ఆమె ఏడవలేదు.

"పెద్దమ్మా, దండ ఏసి ఉన్నది చూసిన్రు. తీసింది చూసిన్రా?"

"తీసుడేంది?"

"ఏసిన దండ ఎప్పుడో అప్పుడు తియ్యాలె గదా. పూలు వాడిపోవా? మీరు ఇంటర్వెల్‌కే వచ్చిన్రు. సిన్మా ఇంక సగముండె. గా సగంల ఏమైందో మీకు తెల్వదు, నాకు తెల్వదు. ఏడ ఏసిన్రో ఆడనే తియ్యాలె. నేను పోయి చూస్త. దండ తీసేదాక కుర్చీల నుంచి లెవ్వ."

"నువ్వా? టాకీసుకా?" గురులింగప్ప చేతిలోని పగ్గం కింద పడింది.

గిరిజమ్మ టాకీసు మొహం చూసి పద్దెనిమిదేళ్ళయింది. అక్కడ నిప్పంటుకోవచ్చు, పైకప్పు కూలవచ్చు, చీకట్లో తేళ్ళు కుట్టవచ్చు. దేవుడి సినిమాలకు కూడా ఆమె పోలేదు. అయినా ఆ గుర్రాల సినిమా మొన్న శుక్రవారమే జహీరాబాద్‌కు కూడా వచ్చింది. బజారులో కాగితాలు అంటించారు. మధ్యాహ్నం ఆట ఇంకో గంటన్నరలో ఉంది.

"మీరు కూడ రాండ్రి పెద్దమ్మా. దండ దిగకపోతే మీరు నీళ్ళు ముట్టకుండనే కోహీర్ పోన్రి. నేను ఒక్క మాట అన."

మణెమ్మ కర్రను బజారు వైపు తిప్పింది. "సిన్మాల గా మంగలోని సంగతేమైందో నాక్కూడ చూడాలెనని ఉండె," అంది చివరికి. "పాపం వాణ్ణి చెట్టుకు కట్టేసిన్రు, ఇంటర్వెల్ అని రాసిన్రు."

దారిలో హఫీజుద్దీన్ స్టూడియో ముందు గిరిజమ్మ ఆగింది. ఆయన గడప మీద నిలబడి చాయ్ తాగుతున్నాడు.

"హఫీజ్ భాయ్, నా కొడుకును సిన్మావోళ్ళకిచ్చి దండేయిస్తవా? మంచిగుందా నీకు?"

"అరె భాభీ, నేను దండ లేకుంటనే ఇచ్చిన," అన్నాడు ఆయన కంగారుగా. "కసమ్ తిని చెప్త, నా దుకాణంల కెల్లి పోయినప్పుడు నవ్వుకుంట పోయిండు. ఇగో, అసలు కాపీ ఇక్కడనే ఉన్నది చూడున్రి." అద్దాల బీరువాలో మల్లికార్జున్ కోటు వేసుకుని నవ్వుతున్నాడు. పక్కన ఎవరిదో పసిపాప. దండ లేదు. గిరిజమ్మ అద్దాన్ని చెంగుతో తుడిచింది. "ఏం ఫికర్ వద్దు భాభీ," అని ఆయన వెనకనుంచి అంటూనే ఉన్నాడు.

టాకీసు దగ్గర ఇంకో చిక్కు వచ్చింది. ఆడవాళ్ళ కుర్చీలు ఒక పక్క, నడుమ పరదా. మల్లికార్జున్‌ను గేటు దగ్గర మనిషి ఆపాడు.

"మొగోళ్ళు అటు పోవాలె."

"గీడు నా పక్కల కూసోవాలె," అంది గిరిజమ్మ.

"గట్లెట్ల అమ్మా? పెద్ద మనిషి గదా."

"అయ్యా, గీడు గీ సిన్మాల సచ్చిపోయిండు. జర లోపలికి రానియ్యి."

గేటు మనిషి మల్లికార్జున్ మొహం చూశాడు. శుక్రవారం నుంచి రోజూ ఆ సినిమా చూస్తున్నవాడు. తెరిచిన నోరు మూయకుండానే పరదా పక్కకు లాగాడు.

మణెమ్మ ఒక పక్క, గిరిజమ్మ ఒక పక్క, నడుమ మల్లికార్జున్. పరదా అవతల మగవాళ్ళ వైపు గురులింగప్ప, మాణిక్. దీపాలు ఆరిపోగానే గిరిజమ్మ కొడుకు మణికట్టు పట్టుకుంది. వైద్యుడు పట్టుకున్నట్టు, నాడి మీద వేలుంచి.

ఎర్రరాళ్ళ బీడు కనబడగానే టాకీసంతా ఈలలు. "అగో, గది మన ఝరాసంగం తొవ్వ!" అని ఎవరో అరిచారు. హీరో గుర్రం మీద వచ్చాడు, దిగాడు, టోపీ తీశాడు, ఇంట్లోకి పోయాడు. అప్పుడు వచ్చింది ఆ ఫోటో.

అంత పెద్ద కొడుకును గిరిజమ్మ ఎప్పుడూ చూడలేదు. ఒక్కో కన్ను బండిచక్రమంత. దండ నిజంగానే చాలా లావుగా ఉంది. ఊదుబత్తీల పొగ తెరమీద మెలికలు తిరిగింది. కానీ వేలి కింద నాడి టక్ టక్‌మని ఆడుతూనే ఉంది, కాస్త వేగంగా కూడా. వాడికి సంతోషంగా ఉంది మరి.

"అయ్యో, ఎంత సక్కగున్నడే. నిండు పానం," అంది వెనక వరసలో ఒకామె.

"ఏ పాపపోళ్ళు చంపిన్రో," అంది ఇంకొకామె. అంతలోనే ఆమె ముందుకు వంగి, తెర వెలుగులో చూసి, కేకపెట్టింది. "ఓయమ్మా! సచ్చినోడు ఈడ పల్లీలు తింటున్నడు!"

ఆ వరసంతా లేచింది. ఒకామె మల్లికార్జున్ భుజం గిల్లి చూసింది. పరదా అవతలనుంచి బజారు స్నేహితులు "మల్లిగా, నీ పగ మేం తీరుస్తంరా!" అని అరిచారు. తెరమీద హీరో ఏం ఒట్టు పెట్టుకున్నాడో ఎవరికీ వినబడలేదు. గిరిజమ్మకు మాత్రం ఒకటి తెలిసింది. బీదర్‌లో జనం ఈ ఫోటో చూసి జాలిపడ్డారు. ఇక్కడ నవ్వుతున్నారు. ఇదే మంచిది. నవ్వులో కీడు ఎక్కువసేపు నిలబడదు అనిపించింది ఆమెకు.

తరువాత కథ నడిచింది. అన్నను చంపినవాడికి ఎడమ చెంప మీద గాటు ఉంటుందని హీరోకు ఎవరో చెప్పారు. ఊళ్ళో మంగలి తన గడ్డం తానే గీసుకుంటూ ఎడమ చెంప కోసుకున్నాడు. హీరో వాణ్ణి చెట్టుకు కట్టేశాడు. వాడు భయానికి తాను చేసినవీ, చేయనివీ, ఎవరూ చేయనివీ అన్నీ ఒప్పుకున్నాడు. మణెమ్మ బీదర్‌లో లేచివచ్చింది ఇక్కడే. ఇంటర్వెల్ తరువాత మంగలి కట్లు విప్పుకుని హీరో టోపీ, కోటు తొడుక్కుని పారిపోయాడు. హీరోకు మంగలి అంగీయే మిగిలింది. ఆ అంగీలో ఉన్న హీరోను మంగలి అనుకుని, అసలు హంతకుడు వచ్చి గడ్డం గీయమని కుర్చీలో కూర్చున్నాడు. మెడ చాచాడు. హీరో కత్తి నూరుతున్నాడు, వీడెవడో తెలియక "ఎండలు మండుతున్నయి సార్" అంటున్నాడు. సబ్బు నురగ కింద ఎడమ చెంప మీద గాటు.

"గీకు! కింద గీకు, కనవడతది!" అని అరిచింది మణెమ్మ.

గిరిజమ్మ నవ్వుతోంది. చెంగు నోట్లో కుక్కుకుని, భుజాలు ఎగిరిపడేలా నవ్వుతోంది. కొడుకు మణికట్టు ఎప్పుడు వదిలేసిందో ఆమెకే తెలియదు.

చివరికి సంగతి తేలింది. హీరో అన్న చావనేలేదు. చచ్చినవాడు అన్న టోపీ పెట్టుకున్న వేరే మనిషి. శవం మొహం చూడకుండా టోపీ చూసి ఏడ్చారు అందరూ. ఆ మాట వినగానే హీరో గుర్రమెక్కి ఇంటికి దౌడు తీశాడు. గిరిజమ్మ నవ్వు ఆగిపోయింది. కుర్చీ అంచుకు జరిగింది. హీరో గుర్రాన్ని ఏకంగా అరుగు ఎక్కించాడు. ఇంట్లోకి ఉరికాడు. ఫోటో ముందు ఒక క్షణం నిలబడ్డాడు.

"తియ్యి నాయినా," అంది గిరిజమ్మ పైకే. "తియ్యి."

హీరో దండ పట్టి ఒక్క గుంజు గుంజాడు. తెగింది. పూలు తెరంతా రాలాయి. మిగతా దండను గడప బయటికి విసిరేస్తే, గుర్రం అందుకుని తాపీగా నమిలేసింది.

టాకీసు దద్దరిల్లింది. ఆడవాళ్ళంతా చప్పట్లు. గిరిజమ్మ కళ్ళు ధారగా కారుతున్నాయి, ఆమె తుడుచుకోలేదు. అంతలో తెరమీద తలుపు తెరుచుకుని, చావని అన్న "తమ్ముడా!" అంటూ లోపలికొచ్చాడు. పొట్టివాడు, బట్టతల, బానెడు పొట్ట. ఫోటోకూ వాడికీ పోలికే లేదు. సినిమా వాళ్ళకు అదేమీ పట్టినట్టు లేదు.

"మల్లిగా, నీ జుట్టేమైందిరా?" అని పరదా అవతల అరుపులు.

మణెమ్మ కర్ర పట్టుకుని లేచి నిలబడింది. "గీ గుండోడెవడు? గీనికోసమా గింత కొట్లాట? మన పిలగాడేడి? మన పిలగాడు గిట్లుంటడా?"

మన పిలగాడు. గిరిజమ్మ ఆ మాటను విన్నది. సరిగ్గా విన్నానా అని కొడుకు వైపు చూసింది. వాడు తల వంచుకుని పల్లీల పొట్టు దులుపుకుంటున్నాడు, చెవులు ఎర్రబడి ఉన్నాయి. విన్నాడన్నమాట.

బయటికొస్తే ఇంకా ఎండ ఉంది. మణెమ్మ టాకీసు ముందు సోడా బండి దగ్గర ఆగి, గ్లాసు నీళ్ళు అడిగి గిరిజమ్మ చేతికిచ్చింది. "నువ్వియ్యి. నీ చేతుల తాగుత." తాగి, మూతి తుడుచుకుని, ఇంత సేపూ దాచుకున్న మాట బయటపెట్టింది.

"నిజం చెప్పాల్నంటే బిడ్డా, నా కండ్లకు గంత దూరం ఆనదు. ఫోటో గుర్తువట్టింది నేను గాదు. మా భాగీరథి. నా పక్కల కూసున్నది, దండ చూడంగనే నా చెయ్యి గట్టిగ వట్టుకొని ఏడ్సింది. ఒక్కసారి చూసిన మొగపిలగాణ్ణి గంత దూరంకెల్లి ఎట్ల గుర్తువట్టిందో ఏమొ. నేను సంబంధం తెంపుకొనొస్త అన్నప్పటి సంది బువ్వ ముడుతలేదు. నిన్నటికెల్లి రెండు పూటలు నీళ్ళే."

మల్లికార్జున్ ఒక్కసారిగా టాకీసు గోడ మీద కాగితాలను చాలా శ్రద్ధగా చదవడం మొదలుపెట్టాడు.

గిరిజమ్మ మాత్రం పూటలు లెక్కపెట్టింది. రెండు పూటలు! పిల్ల అసలే సన్నం. కళ్ళు తిరిగితే? బావి దగ్గర తిరిగితే? గోడ నడుమెత్తే ఉంది, మనిషంత ఎత్తు లేదే. ఈ ముసలామె బస్సు దిగి, నడిచి, మాట చెప్పేసరికి ఎంత పొద్దుపోతుందో. చెప్పినా ఆ పిల్ల నమ్ముతుందా? ఓదార్చడానికి అంటున్నారు అనుకోదూ?

"మల్లీ, బస్సెక్కు," అంది.

"యాడికే?" అన్నాడు గురులింగప్ప. "పూలుపండ్లు కాకముందు పిలగాడు పోతడా? నలుగురేమంటరు?"

"నలుగురు ఏమన్న అననీ. పొల్ల బువ్వ తినలే. వీణ్ణి చూస్తే తింటది. నేను తోలుకపోత, పెద్దమ్మను ఇంటికాడ దింపనీకి వచ్చినం అంట. నువ్వు ఇంటికి తాళమెయ్యి. పొయ్యి ఆరిందో లేదో చూడు. రెండుసార్లు చూడు."

మాణిక్ నోరు తెరిచాడు. మణెమ్మ కర్ర ఎత్తి చూపించింది. ఆయన నోరు మూసుకుని బస్సులో చోటు పట్టడానికి పరుగెత్తాడు.

కోహీర్ చేరేసరికి పొద్దు గుంకుతోంది. భాగీరథి వాకిట్లో జొన్నలు చెరుగుతోంది. చాట ఆగింది. ముందు నాయనమ్మను చూసింది, తరువాత ఆమె వెనక నిలబడ్డ గిరిజమ్మను, ఆ వెనక పశువుల కొట్టం గుంజకు ఆనుకుని ఎటు చూడాలో తెలియక తన చెప్పులు చూసుకుంటున్న మల్లికార్జున్‌ను చూసింది. జొన్నలు కొన్ని నేలపాలయ్యాయి.

"సిన్మా మొత్తం చూసినం," అంది మణెమ్మ. "దండ గుర్రం తిన్నది. పో, కాళ్ళు కడుక్కోనీకి నీళ్ళు తే."

భాగీరథి నీళ్ళు తెచ్చి పెట్టింది. తలెత్తకుండా లోపలికి పోయింది. అరుగు మీద పెద్దవాళ్ళు పూలుపండ్లకు బేస్తవారమా, సోమవారమా అని మొదలుపెట్టారు. గిరిజమ్మ చెవి వాళ్ళ మాటల మీద లేదు. లోపల గూట్లోంచి కంచం తీసిన చప్పుడు, రొట్టె విరిచిన చప్పుడు, కాసేపటికి చెంబులో నీళ్ళు ముంచిన చప్పుడు వినబడ్డాయి. మళ్ళీ రొట్టెల గంప మూత తీసిన చప్పుడు కూడా వినబడింది.

"సోమవారం," అంది గిరిజమ్మ, గోడకు చేరగిలబడుతూ. "సోమవారం మంచిది."